మన కండరములు - సూక్ష్మదర్శినిలో

రేడియో మీటను త్రిప్పునపుడు వ్రేళ్లే పనిచేయుచున్నట్లు తోచును. కాని వ్రేళ్లను గట్టిగా ముడుచు కండరములు ముంజేతిలో ఉన్నవి. అవి పొడుగైన స్నాయువులనెడు త్రాళ్లతో వ్రేళ్లను లాగుచుండును. ఆ క్షణముననే గుండె కొట్టుకొనుచుండును. భుజించిన ఆహారము ప్రేగులలో ముందుకు సాగుచుండును. ఈ మూడు పనులను చేయునది కండరమే. అయినను సూక్ష్మదర్శినిలో చూచినచో మూడును మూడు జాతులు.

ఎముకల నంటియున్నది అస్థికండరము. మన యిచ్ఛకు లోబడునది ఇదియే. దీని తంతువు వెంట్రుకవలె సన్నన, కొన్నిచోట్ల అనేక అంగుళముల పొడవు. ఒక్కొక్క తంతువులో వందలకొలది కేంద్రకములు అంచునకు ఒత్తుకొనియుండును. తంతువున కడ్డముగా నలుపు తెలుపు చారలు కనబడును. ఈ చారల కారణము చిరకాలము తెలియలేదు. 1954లో ఆండ్రూ హక్స్లీ, నీడర్గెర్కే ఒకవైపునను, హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్ వేరొకవైపునను ఒకే సమాధానము ప్రకటించిరి. హక్స్లీ లిద్దరును బంధువులు కారు. ఇంటిపేరు మాత్రమే ఒకటి.

మయోసిన్ అను మాంసకృత్తు యొక్క లావుపోగులు, ఆక్టిన్ అను దాని సన్నపోగులు, ఎదురెదురుగా దూర్చిన రెండు దువ్వెనల పండ్లవలె అమరియున్నవి. సంకోచించునపుడు ఏ పోగును కురుచ కాదు. ఒకదాని నడుమకు మరియొకటి జారును. నరమునుండి ఆజ్ఞ రాగానే తంతువులో కాల్షియం విడుదలయగును. అంతట మయోసిన్ తలలు పడవవాండ్రు తెడ్లు వేసినట్లు ఆక్టిన్‌ను పట్టి లాగి, విడిచి, మరల పట్టును. పట్టు విడుచుటకు ఏటీపీ అను శక్తిద్రవ్యము కావలెను. మరణానంతరము అది అడుగంటుటచేతనే శవము కొయ్యబారును.

ఈ శక్తి విషయమున మన తెలుగువాని పేరు తలపక తప్పదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనెను. క్షణికమైన తీవ్రశ్రమకు ఏటీపీని తిరిగి నింపు నిలువధనము అదియే. 1929లో ఏటీపీని సైతము వారు కండరమునుండి వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అదేకాలమున స్వతంత్రముగా ఆ పని సాధించెను.

తంతువులలో ఎఱ్ఱనివి, తెల్లనివి కలవు. వంటయింట కోడిని చూచినవారికి ఇది క్రొత్తగాదు: నిలుచుట, నడచుట అను నిరంతర శ్రమగల కాళ్లమాంసము ఎఱుపు, అరుదుగా ఎగురుటచే రొమ్ముమాంసము తెలుపు. దూరము లెగురు పావురమునకు రొమ్ముకూడ ఎఱుపే.

రెండవది నునుపు కండరము. చారలు లేవు, కణము కదురువలె నడుమ లావై కొనలు సన్నగిల్లును, కేంద్రకము ఒక్కటే. ప్రేగులు, రక్తనాళములు, గర్భాశయము దీని నెలవులు. ఇది మెల్లగా ముడుచుకొనును, అల్పశక్తితో గంటలకొలది బిగిసియుండగలదు. కవులు వర్ణించు రోమాంచము కూడ వెంట్రుకల మొదళ్ల నంటిన ఈ జాతి కండరముల పనియే.

ఇక గుండె. దీనికి చారలున్నను మన యాజ్ఞ చెల్లదు. కణములు పొట్టివి, కొమ్మలు చీలి ఒకదానితో నొకటి ప్రత్యేకమైన అతుకులతో కూడియుండును. ఆ అతుకులగుండ విద్యుత్ప్రేరణ క్షణములో వ్యాపించుటచే లక్షలాది కణములు ఒక్కటిగా స్పందించును. ఒక స్పందన ముగియువరకు మరియొక ప్రేరణను ఇవి దాదాపు స్వీకరింపవు. కావున కాలిపిక్కవలె గుండె బిగుసుకొనిపోదు. నిమిషమునకు 72 సార్లు చొప్పున దినమునకు లక్షకు పైగా కొట్టుకొనును.

అస్థికండరము గాయపడినచో దాని నంటియున్న ఉపగ్రహకణములు, 1961లో మారో గుర్తించినవి, క్రొత్త తంతువులను నిర్మించును. గుండెకు ఈ సదుపాయము లేదనియే చెప్పవలెను. 2009లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, 25వ యేట సంవత్సరమునకు నూటికి సుమారు ఒక కణమే క్రొత్తదగును. 75వ యేటికి ఆ అల్పము సగమునకు తగ్గును. రక్తనాళము పూడినచోట చచ్చిన కండరము స్థానమున సంకోచింపనేరని మచ్చ మిగులును. రక్తము ఆగిన అరగంటలోపుననే కణములు నశింపనారంభించును గనుక, ఛాతీలో బిగువైన నొప్పి కలిగినపుడు అజీర్తి యనుకొని తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేరవలెను.