జీపు కదిలింది.. ఇక కాగితం కదలాలి

నర్సంపేట: నర్సంపేట నుంచి పాకాల వైపు వెళ్లే దారిలోని ఒక పల్లెలో, ఎడ్ల కొట్టం వెనక ఏళ్ల తరబడి ఓ జీపు నిలిచిపోయి ఉంది. టాపు చినిగింది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. డ్రైవరు సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి. పాత ఇనుప సామాన్ల వ్యాపారి రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. గ్యాసుతో కోసి కాటా వేసి కొంటానన్నాడు. పెద్ద కొడుకు సరేనన్నాడు కూడా. తల్లి అడ్డుపడింది. "మీ బాపు పోయినంక ఆయన బండిని ముక్కలు కోసి కాటా పెడ్తరా?" అన్న మాటతో బేరం ఆగింది.

అప్పుడు మొదలైన పని రెండు పంటల కాలం పట్టింది. ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ వైపు పల్లెల్లో ఇలా తండ్రుల నాటి జీపులు కొట్టాల్లోనూ, చింతచెట్ల కిందా ఇంకా పడి ఉన్నాయి. కనుక ఆ అన్నదమ్ములు పడ్డ తిప్పలు పదిమందికీ పనికొస్తాయి. పేర్లు రాయవద్దని వారు కోరారు.

తండ్రి ఈ బండి మీదే ముగ్గురు పిల్లలను సాకాడు. 1980లలో ఆ ఊరికి బస్సు లేదు. మిరప బస్తాలు వరంగల్ మార్కెట్టుకు, పురుటి నొప్పులు వచ్చిన ఆడవారు ఎంజీఎం ఆసుపత్రికి, రెండేళ్లకోసారి జనం మేడారం జాతరకు, అంతా దీని మీదే. ఈ విలేఖరి కూడా చిన్నప్పుడు అలాంటి జీపు వెనక తలుపు పట్టుకుని మేనమామ పెళ్లికి పోయినవాడే. లోపల ఎంతమందో లెక్కపెట్టే వీలుండేది కాదు.

జీపు పుట్టింది యుద్ధానికి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపారానికి పెట్టిన సంస్థ ఆ తరవాత విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజనతో పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థికమంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మన పల్లెలు బాగా ఎరిగినది సీజే-3బీ రకం. బానెట్టు ఎత్తుగా పెట్టె మాదిరి ఉంటుంది. లోపలి ఇంజను పొడుగు కావడమే దానికి కారణం. అమెరికాలో 1968లోనే ఆ రకం ఆగిపోయినా మన దేశంలో ఆ తరవాతా చాలా ఏళ్లు తయారైంది.

ఇంజనెక్కడ?

కొడుకులు వరంగల్ నుంచి ఓ ముసలి మెకానిక్‌ను పిలుచుకొచ్చారు. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ఆయన వచ్చీరాగానే స్పానర్ పట్టలేదు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడుగునా తట్టుకుంటూ పోయాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న చోట బొద్దుగా పలుకుతుంది. వెనక అడ్డపట్టీ ఒక్కటే పోయిందని తేల్చాడు. రేకు పోతే కొత్తది వేయవచ్చు గానీ ఛాసిస్ పోతే బండి లేనట్టే.

తరవాత ఆర్‌సీ అడిగాడు. పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి బట్టలో చుట్టి సందూకలో ఉంది. అందులో పెట్రోలు అని ఉంది. బానెట్టు కింద ఉన్నది డీజిల్ ఇంజను! పెట్రోలు ఖర్చు భరించలేక తండ్రి ఎప్పుడో మార్పించాడు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. అనుమతి తీసుకుని కాగితంలో రాయించుకున్న వారు తక్కువ.

అదృష్టం ఏమంటే అసలు ఇంజను కొట్టం మూలన ఊకబస్తాల కింద దొరికింది. నంబరు కాగితంతో సరిపోయింది. డీజిల్‌నే ఉంచుదామని తమ్ముడు, ఖర్చు చూసుకోవాలని అన్న వాదించుకున్నారు. చివరకు ఆర్‌సీలో ఏముందో అదే పెట్టాలని నిర్ణయించారు. ఈ విలేఖరికీ అదే సబబుగా తోచింది.

నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సీసీ. పెట్రోలు, గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులో, పొగ పోయే వాల్వులు కింద బ్లాకులో ఉండడం దీని ప్రత్యేకత. ఇంజను పట్టేసి ఉంది. ఉస్తాద్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో డీజిల్, ఆయిల్ కలిపి పోసి, వారం దాకా ఎవరూ ముట్టవద్దన్నాడు. వారం తరవాత ముందు హ్యాండిల్ పెట్టి బలం వాడకుండా అటు కొంచెం, ఇటు కొంచెం ఆడిస్తే మూడో రోజు తిరిగింది. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి ఉంటే రింగులు విరిగేవట.

తొందరపడి చెడగొట్టినవీ ఉన్నాయి. ఇలాంటి పాత జీపుల్లో చాలావాటికి ఎడమ చక్రాల నట్లకు మర ఎదురుగా ఉంటుంది. ఆ సంగతి తెలియని కుర్రవాడు పైపు తొడిగి తిప్పి రెండు బోల్టులు విరగ్గొట్టాడు. అంతకంటే పెద్ద ప్రమాదం టింకరింగ్ దగ్గర తప్పింది. తుప్పు గీకే మిషను ఛాసిస్ నంబరు మీదికి పోతుండగా ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపాడు. తనిఖీలో ఆ నంబరుకు పెన్సిల్‌తో అచ్చు తీస్తారు. అంకె చెరిగితే బండి ఎవరిదో రుజువు చేయలేం.

హ్యాండ్‌బ్రేకు సంగతి కూడా చెప్పాలి. ఇది చక్రాలను పట్టదు. గేరుపెట్టె వెనక షాఫ్టుకున్న డ్రమ్మును పడుతుంది. అక్కడ ఆయిల్ కారితే గట్టు మీద ఆపిన బండి జారుతుంది. పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేశారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును అది తినేస్తుంది.

అసలు తిప్పలు

ఇంజను పలికింది. మిరప పైకంలో సగం అయిపోయింది. అయినా బండి ఇప్పటికీ తండ్రి పేరనే ఉంది. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, ఆర్‌సీ, బీమా జతచేయాలి. మిగతా వారసుల సమ్మతి కూడా అడుగుతారు. వీరికి ఆ సంగతే తెలియదు. 15 ఏళ్లు దాటిన బండ్లన్నీ తుక్కుకే వేయాలని ఎవరో చెబితే నమ్మి ఊరుకున్నారు. అది నిజం కాదు. 2023 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన ప్రభుత్వ వాహనాలకు వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల కట్టుబాట్లు వేరు. మన దగ్గర సొంత బండిని తనిఖీలో నెగ్గితే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. అయితే రుసుము పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపులకు రూ.5 వేలు చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో కేంద్రం రూ.10 వేలకు పెంచింది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. కానీ దానితో ప్రదర్శనలకు, ర్యాలీలకే తప్ప రోజూ తిరగకూడదు. బావి కాడికి, అంగడికి పోవాల్సిన రైతుకు అది పనికిరాదు. ఈ జీపుకు ఇంకా యాభై నిండనూ లేదు.

మహబూబాబాద్ వైపు ఇచ్చిన చెల్లె బతుకమ్మకు వచ్చినప్పుడు సంతకం చేసింది. "నాకు వాటా వద్దన్నా, బండి అమ్మొద్దు" అని ఒకటే షరతు పెట్టింది. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు నోటరీ చేయించి పంపాడు. దరఖాస్తు వేశారు. తనిఖీ మిగిలి ఉంది. బీమా, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే, ఎవరికైనా తగిలిందంటే పరిహారం ఇంటి మీద పడుతుంది. కాబట్టి ప్రస్తుతానికి జీపు కొట్టం నుంచి చేను గట్టు దాకా పోయి వెనక్కి వస్తోంది. పిల్లలు వెంట పరిగెడుతున్నారు.

తల్లి మాత్రం ఇంకా ఎక్కలేదు. కాగితం వచ్చినాక మేడారం పోదామని కొడుకులకు చెప్పి పెట్టింది.