మర్రికి పైన్ చెట్టు నియమాలెందుకు?

సూరత్‌లోని పాండేసర వంటి పారిశ్రామిక వాడల్లో పాత గోడల పగుళ్ళను గమనించండి. పిడికెడు మట్టి లేని చోట కూడా మర్రి మొక్కో, రావి మొక్కో కనిపిస్తుంది. పండ్లు తిన్న పక్షుల రెట్టలతో వచ్చిన విత్తనాలే అక్కడ మొలకెత్తుతాయి. వేళ్ళకు చోటు చాలకపోతే మొక్క ఎదుగుదల మందగిస్తుంది. బోన్సాయ్‌కి ఆధారం ఈ సూత్రమే.

చైనాలో పుట్టిన ఈ కళకు జపాన్‌లో కట్టుదిట్టమైన నియమాలు ఏర్పడ్డాయి. కాండం మొదట్లో లావుగా ఉండి, పైకి పోనుపోను సన్నబడాలి. మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో సుమారు మూడో వంతు దగ్గర ఉండాలి. కొమ్మలు ఎదురెదురుగా రాకూడదు. శిఖరం ఒక్కటే ఉండాలి. మరి వీటిని మీరితే ఏమవుతుంది?

ముందుగా ఈ నియమాలు ఏ చెట్టును చూసి పుట్టాయో ఆలోచించండి. జపాన్ కళాకారుల ముందున్నవి ముఖ్యంగా పైన్, జూనిపర్ వంటి చెట్లు. పైన్ కొనమొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి ప్రవహిస్తూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. దీనినే అగ్రాధిక్యత అంటారు. లేత పైన్ నిటారుగా, ఒకే శిఖరంతో పెరగడానికి ముఖ్య కారణం ఇదే. కొమ్మలన్నిటికీ నీరు ఒకే కాండం గుండా వెళ్ళాలి కాబట్టి మొదలు లావుగా ఉంటుంది.

ఇప్పుడు మర్రిని చూడండి. దాని కొమ్మల నుంచి ఊడలు దిగి, నేలను తాకి, స్తంభాల్లా లావెక్కుతాయి. అప్పుడు కొమ్మకు నీరు ఊడ ద్వారా నేరుగా అందుతుంది. బరువును కూడా ఊడే మోస్తుంది. ఇక ఒకే కాండం, ఒకే శిఖరం అన్న నియమానికి అర్థమేముంది? సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ దగ్గర నర్మదా నది దీవిలో ఉన్న కబీర్‌వడ్, మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇలా విస్తరించినవే. అనంతపురం ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని నీడ 19,107 చదరపు మీటర్లు. ఎత్తుకన్నా వెడల్పు ఎక్కువగా, అనేక కాండాలతో కుండీలో మర్రిని పెంచితే అది తప్పు కాదు, మర్రి స్వభావమే.

అయితే అన్ని నియమాలూ అభిరుచికి చెందినవి కావు. ఒకే చోట నాలుగైదు కొమ్మలుంటే అక్కడ కాండం ఉబ్బి గడ్డకడుతుంది. పచ్చని సూదులు ఒక్కటీ మిగల్చకుండా పైన్ కొమ్మను కత్తిరిస్తే సాధారణంగా అది ఎండిపోతుంది. మర్రి మాత్రం ముదురు కొమ్మ నుంచి కూడా తేలికగా చిగురిస్తుంది. బలమైన మర్రికి ఎదిగే కాలంలో ఆకులన్నీ తుంచితే కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి. కాని ఆ చిగుళ్ళకు కావలసిన ఆహారం చెట్టు దాచుకున్న పిండిపదార్థం నుంచే రావాలి. నీరసించిన మొక్కలో ఆ నిల్వ ఉండదు. ఆకులు తుంచితే అది చనిపోవచ్చు. అలాగే కుండీ అడుగున రంధ్రం లేకపోతే వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి.

కాబట్టి ఏ నియమం ఎదురైనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది కంటికోసమా, చెట్టు ప్రాణంకోసమా? మొదటిదైతే ధైర్యంగా మీరండి. రెండోదైతే పాటించి తీరండి. ఈ వర్షాకాలం ఒక మర్రి మొక్కను కుండీలో నాటండి. అది ముదిరి ఊడ వేసినప్పుడు, తడి నాచు నింపిన సన్నని గొట్టం గుండా దాన్ని మట్టిలోకి దింపి చూడండి. తేమ ఆరనివ్వకుంటే ఊడ మట్టిని చేరుతుంది. ఆ తరువాత అది లావెక్కడం ఏటా కొలిచి రాసుకోండి.