తాళం రెండోసారి తీస్తే...

హారర్ సినిమా ఒకటి హిట్టయితే చాలు, పేరు పక్కన '2' తగిలించుకుని దెయ్యం మళ్లీ దిగుతుంది. బంగళా అదే, గజ్జెల చప్పుడు అదే, ఒక్కోసారి దర్శకుడూ అతనే. భయం మాత్రం రాదు. అలాగని సీక్వెల్స్ అన్నీ చెత్తే అనడానికీ లేదు, అసలును మించినవీ ఉన్నాయి. తేడా ఎక్కడొస్తోంది? ముప్పై ఏళ్లుగా ఒక భాష నుంచి ఇంకో భాషకు తిరుగుతున్న చంద్రముఖి కథను పట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

మంచం పైకి లేచిన క్షణం

2005 నాటి 'చంద్రముఖి' చూసినవాళ్లు ఆ మంచం సీన్ మరిచిపోరు. భార్య బయటికి బయల్దేరుతుంది. వెళ్లొద్దంటాడు భర్త. ఎందుకు వెళ్లకూడదని అడుగుతుంది గంగగా చేసిన జ్యోతిక. మొదట అడిగింది గంగే, ఆ గొంతులో అలక తప్ప ఇంకేం లేదు. రెండోసారి అడిగేసరికి గొంతు బరువెక్కుతుంది. కళ్లు పెద్దవవుతాయి. చూస్తుండగానే మంచాన్ని ఒంటిచేత్తో పైకెత్తేస్తుంది. 'గంగా!' అని భర్తగా చేసిన ప్రభు గట్టిగా అరిస్తే ఈ లోకంలోకి వచ్చి, ఏం జరిగిందో తెలియక బిత్తరపోయి చూస్తుంది.

ఆ సీన్‌లో తెల్లచీర లేదు, పొగ లేదు, గ్రాఫిక్స్ లేవు. ఓ పడకగది, మొగుడూ పెళ్లాం, అంతే. రోజూ పక్కన పడుకునే మనిషిలో ఇంకో మనిషి ఉందన్న ఊహే వెన్నులో వణుకు పుట్టించింది.

ఈ కథ పుట్టిల్లు కేరళ. మధు ముట్టం రాయగా ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' 1993లో వచ్చింది. అందులో గంగగా చేసిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. మలయాళీ ఇంటి కోడలు తనను పాతకాలపు నర్తకిగా అనుకుని ఉన్నట్టుండి తమిళంలో మాట్లాడటం అందులో అసలు షాక్. తమిళంలోకి వచ్చేసరికి ఆ నర్తకి నోట తెలుగు పాట పెట్టారు. తెలుగు డబ్బింగ్‌లో మళ్లీ తమిళ పాట వినిపించింది. హిందీ 'భూల్ భులయ్యా' (2007)లో బెంగాలీ అయింది. కన్నడ 'ఆప్తమిత్ర' (2004)లో ఆ పాత్ర మన సౌందర్యది. సినిమా విడుదలయ్యేనాటికి ఆమె లేరు.

భాష ఏదైనా కథలో కీలకం ఒక్కటే: అక్కడ దెయ్యం లేదు. ఉన్నది మనసుకు పట్టిన జబ్బు. చివర్లో సైకియాట్రిస్టు మంత్రవాదినీ కలుపుకుని ఓ నాటకం ఆడి, నర్తకి పగబట్టిన రాజు స్థానంలో బొమ్మను పెట్టి, పగ తీరిపోయిందని ఆమెను నమ్మిస్తాడు. అప్పటిదాకా మనం వేరే అమ్మాయిని అనుమానిస్తూ వస్తాం. అసలు మనిషి ఎవరో తెలిశాక సినిమా మళ్లీ చూస్తే ప్రతి సీన్‌కూ కొత్త అర్థం కనిపిస్తుంది. రెండోసారి చూడటానికి కావలసిన సరుకంతా మొదటి సినిమాలోనే ఉంది. తమిళ 'చంద్రముఖి' చెన్నై శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడిందంటే రజనీకాంత్ ఒక్కరే కారణం కాదు.

అదే దర్శకుడు, అదే కోట

దక్షిణాదిలో ఈ కథను దర్శకుడు పి.వాసు అయిదుసార్లు పట్టుకున్నారు: 'ఆప్తమిత్ర', 'చంద్రముఖి', 'ఆప్తరక్షక', 'నాగవల్లి', 'చంద్రముఖి 2'. మొదటి రెండూ పాత కథకు రీమేకులు. తర్వాతి మూడింటికీ కొనసాగింపు అల్లాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. దెయ్యం లేదని తేల్చేసిన కథకు సీక్వెల్ ఏం తీస్తారు?

'ఆప్తరక్షక', 'నాగవల్లి' రెండూ 2010లోనే వచ్చాయి, కథా ఒక్కటే. ఈసారి నర్తకి చిత్రపటం ఒకటి ఓ కుటుంబం ఇంటికి చేరుతుంది. ఇంట్లో పాము తిరుగుతుంది. రాజు చనిపోలేదని, వందేళ్లు దాటినా బతికే ఉన్నాడని చెప్పారు. కన్నడంలో బ్రహ్మాండంగా ఆడింది. అది విష్ణువర్ధన్ 200వ సినిమా. 2009 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు, ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. జనం అభిమాన నటుడికి వీడ్కోలు చెప్పడానికి థియేటర్లకు వెళ్లారు. అదే కథను వెంకటేశ్, అనుష్కలతో తెలుగులో తీస్తే మనవాళ్లు పెదవి విరిచారు. అనుష్కకు అప్పటికే 'అరుంధతి' పేరుంది, వెంకటేశ్ రాజు వేషంలోనూ కష్టపడ్డారు. అయినా మంచం సీన్‌తో తూగే ఘట్టం ఒక్కటీ పడలేదు. భార్యలో దాగిన మనిషికి భయపడ్డ ప్రేక్షకుడు, వందేళ్లు దాటిన రాజును చూసి ఆశ్చర్యపోతాడేమో గానీ భయపడడు.

2023 సెప్టెంబరులో వచ్చిన 'చంద్రముఖి 2' ఇంకో అడుగు ముందుకేసింది. లారెన్స్, కంగనా రనౌత్, కీరవాణి సంగీతం, వడివేలు కామెడీ... హంగులకు లోటు లేదు. ఈసారి ఆత్మ నిజంగానే ఉంది. ఆత్మ ఉందని ఒప్పుకున్నాక సైకియాట్రిస్టుకు పని లేదు, అనుమానానికి చోటు లేదు. మిగిలింది ఎగరడం, విసిరేయడం, కత్తియుద్ధం.

హిందీలో లెక్క వేరు. 'భూల్ భులయ్యా 2' (2022) అక్కడ పెద్ద హిట్టు. అందులోనూ దెయ్యం నిజమే. అయితే వాళ్లు భయాన్ని పక్కనబెట్టి కామెడీని నమ్ముకున్నారు. వసూళ్లు వచ్చాయి కాబట్టి వ్యాపారంగా గెలిచింది. ప్రియదర్శన్ తీసిన మొదటి సినిమా పక్కన నిలబెట్టి చూస్తే, టబు నటన తప్ప పోటీకి వచ్చేది లేదు.

మించినవీ ఉన్నాయి

విచిత్రం ఏమిటంటే, 'చంద్రముఖి 2'లో తేలిపోయిన లారెన్సే సీక్వెల్‌తో అసలును మించిన మనిషి. 2007లో వచ్చిన 'ముని' ఇప్పుడెందరికి గుర్తుంది? 2011లో దాని రెండో భాగంగా వచ్చిన 'కాంచన' మాత్రం తెలుగు పల్లెలనూ ఊపేసింది. దెయ్యమంటే హడలిపోయి తల్లి కొంగు పట్టుకునే హీరో రెండింట్లోనూ ఉన్నాడు. దెయ్యమే మారింది. ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టిన ట్రాన్స్‌జెండర్ కాంచన, తనలాంటి ఓ అమ్మాయిని పెంచి డాక్టర్‌ని చేస్తుంది. ఆసుపత్రి కట్టించాలని కొన్న స్థలాన్ని కబ్జా చేసి, ఆమెను చంపేస్తారు. శరత్‌కుమార్ ఆ పాత్రలో కనిపించిన కాసేపట్లోనే థియేటర్లో జాలి పుట్టింది. ఆమెను అందరూ చీదరించుకోవడం చూశాక, దెయ్యం పగ తీర్చుకోవాలని ప్రేక్షకుడే కోరుకున్నాడు. ఆ తర్వాత 'గంగ' (2015), 'కాంచన 3' (2019) అదే వంటకాన్ని మళ్లీ వేడిచేశాయి. రుచి తగ్గుతూ వచ్చింది.

మనదగ్గర 'మా ఊరి పొలిమేర' ఇంకో దారి చూపింది. 2021లో ఓటీటీలో వచ్చిన మొదటి భాగం చేతబడి కథగా మొదలై, చివర్లో సత్యం రాజేశ్ పాత్ర గుట్టు విప్పి అర్ధాంతరంగా ఆగింది. వాడు ఏమయ్యాడు, ఏం చేయబోతున్నాడు అన్న ప్రశ్న జనంలో నిలిచిపోయింది. రెండేళ్లకు అదే దర్శకుడు అనిల్ విశ్వనాథ్ తీసిన రెండో భాగం నేరుగా థియేటర్లకు వచ్చి నిలబడింది. పెద్ద స్టార్లు లేరు. ప్రేక్షకుడి అప్పు ఒకటి బాకీ ఉంది, దాన్ని తీర్చారు.

పేరు మాత్రమే మిగిలిన బాపతు మూడోది. 'రాజుగారి గది 2' (2017)కి మొదటి భాగంతో కథా సంబంధం లేదు, అది మలయాళ 'ప్రేతమ్'కు రీమేక్. నాగార్జున, సమంత ఉన్నారు కాబట్టి చూశాం. దాన్ని సీక్వెల్ అనడంకన్నా బోర్డు మార్చని కొత్త దుకాణం అనడం సబబు.

తీర్పు

హారర్‌లో భయపెట్టేది తెలియనితనం. రాక్షసుడి ముఖం ఒకసారి చూశాక రెండోసారి అదే ముఖం చూపిస్తే పని జరగదు. కాబట్టి రెండో భాగానికి రెండే దారులు: మొదటి భాగం వదిలేసిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, లేదా దెయ్యానికి కొత్త గాయం ఇవ్వాలి. 'పొలిమేర 2' మొదటిది చేసింది, 'కాంచన' రెండోది చేసింది. 'నాగవల్లి', 'చంద్రముఖి 2' ఈ రెండూ చేయకుండా, అప్పటికే ముగిసిపోయిన కథకు అంతస్తులు కట్టబోయాయి. మొదటి 'చంద్రముఖి'తో ఏ రకంగానూ సరితూగలేదు.

ఈసారి '2' అంకె వేసుకున్న దెయ్యం సినిమాకు టికెట్ బుక్ చేసేముందు, మొదటి భాగం చూసి బయటికొస్తూ మీరేం అడిగారో గుర్తు తెచ్చుకోండి. అడగాల్సింది ఏదైనా మిగిలి ఉంటే వెళ్లండి. ఏమీ లేదంటారా, ఆ డబ్బులు మిగుల్చుకుని ఇంట్లో పాతదే ఇంకోసారి చూడండి.