పేట టిక్కెట్టు

గుంటూరు నుండి ఒంగోలు వెళ్ళేవారికి చిలకలూరిపేట తెలియనిది కాదు. పత్తి, పొగాకు, బట్టల వర్తకం సాగే ఊరు. అక్కడ వ్యాపారం నిలబెట్టుకోవడం ఒక ఎత్తు, శాసనసభ టిక్కెట్టు సంపాదించడం మరొక ఎత్తు.

శ్రీమతి విడదల రజని రెండూ చూసినవారే. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. తరువాత అమెరికాలో సాఫ్టువేరు కంపెనీ డైరెక్టరు పదవి. తిరిగివచ్చి, 2017 విశాఖ మహానాడులో చంద్రబాబునాయుడుగారిని వేనోళ్ళ కొనియాడారు. మరుసటి ఏడు జగన్మోహనరెడ్డిగారి పార్టీలో చేరారు! పేటలో ఆ పార్టీకి మర్రి రాజశేఖర్‌గారు పాతకాపు. అయినా టిక్కెట్టు ఈమెకే దక్కింది. 2019లో, ముప్పై నిండకముందే, మంత్రి ప్రత్తిపాటి పుల్లారావుగారిని 8 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. సరిగ్గా వారానికి ఈమె వైద్యారోగ్య శాఖ మంత్రి అయ్యారు. డాక్టరే పల్లెకు వచ్చి రోగులను చూసే ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకాన్ని 2023 ఏప్రిల్ 6న ముఖ్యమంత్రి ఎక్కడ ప్రారంభించారనుకున్నారు? పేట నియోజకవర్గంలోని లింగంగుంట్లలోనే. తనను గెలిపించిన చోటికి పెద్దలను రప్పించుకోవడం కూడా ఒక విద్యే మరి.

2024లో పార్టీ ఈమెను గుంటూరు పశ్చిమానికి మార్చింది. అక్కడ గల్లా మాధవిగారి చేతిలో 50 వేలకు మించిన తేడాతో ఓడిపోయారు. పేటలో మళ్ళీ పుల్లారావుగారే గెలిచారు. టిక్కెట్టు వదులుకున్న రాజశేఖర్‌గారికి మండలి సభ్యత్వం 2023 దాకా రాలేదు. 2025లో ఆయన పార్టీకే దండం పెట్టారు. రజనిగారు మాత్రం, ఓటమి తరువాత, పార్టీ పనికి తిరిగి పేటకే వచ్చారు.