ఐడీ తప్ప పేరు తెలియని స్నేహం

పబ్జీ మొబైల్ 2018లో మన ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉంది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. అదే ఎరాంగెల్ దీవి, అదే నలుగురి స్క్వాడ్. అయినా హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాటేదాకా ఆడినవాళ్లు ఇవాళ లాబీ తెరిస్తే పాత జట్టు ఆఫ్‌లైన్‌లో ఉంటుంది. ఒకరికి నైట్ షిఫ్టు, ఒకరికి చంటిపిల్ల, ఇంకొకరికి పొద్దున్నే బస్సు. ఆట చేతికొచ్చినా వెలితి తీరడం లేదంటే లోటు ఆటలో లేదు. పిలవకుండానే నలుగురూ చేరే వేళ ఒకటి ఉండేది, పోయింది అదే.

స్నేహానికి వేళ ఎంత ముఖ్యమో లెక్కలూ చెబుతున్నాయి. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశారు. రోజూ రెండు గంటలు ఆడే స్క్వాడ్‌కు 200 గంటలంటే మూడు నెలల పైచిలుకు. వారానికో గంట మాత్రమే దొరికే ఉద్యోగికి అదే దాదాపు నాలుగేళ్లు. పైగా ఆటలో కళ్లు తెర మీద ఉంటాయి కాబట్టి నోటికి మొహమాటం ఉండదు. నాట్లు వేస్తూ చెప్పుకునే కబుర్లలాగే, సప్లీల భయం నుంచి ఇంట్లో గొడవల దాకా అన్నీ శత్రువు కోసం కాపు కాస్తూనే బయటికొస్తాయి.

ముఖమైనా చూడనివాడు స్నేహితుడెలా అవుతాడని కొందరంటారు. నార్వే యువకుడు మాట్స్ స్టీన్ కండరాల క్షీణత వ్యాధితో 2014లో 25 ఏళ్లకే చనిపోయాడు. కొడుకు ఒంటరిగా బతికాడనే తల్లిదండ్రులు బాధపడ్డారు. తీరా చూస్తే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో అతణ్ని ఐబెలిన్‌గా ఎరిగినవాళ్ల నుంచి సంతాప సందేశాలు వచ్చిపడ్డాయి. కొందరు ఇతర దేశాల నుంచి అంత్యక్రియలకూ వచ్చారు. ఇక, ఇదంతా వయసు మీద బెంగేనని ఇంకొందరి వాదన. అందులో కొంత నిజముంది. కానీ వయసు క్లాస్‌మేట్లకూ పోయింది. వాళ్లు పెళ్లిళ్లలోనో, సంక్రాంతికి ఊళ్లోనో, పూర్వ విద్యార్థుల సమ్మేళనంలోనో మళ్లీ తగులుతారు. ఆటలో స్నేహితుడికి మనతో ఉమ్మడి ఊరు లేదు, తెలిసిన చుట్టం లేడు. ఉన్నది ఒకటే గుమ్మం. అది మూసుకుంటే మంచీచెడూ కబురైనా అందదు.

మాట్స్ విషయంలో ఆ కబురు అందిందంటే, అతని బ్లాగు పాస్‌వర్డ్ తండ్రి దగ్గర ఉండి, మరణవార్త అందులో పెట్టబట్టే. లేకుంటే ఐబెలిన్ కూడా జాబితాలో ఇంకో ఆఫ్‌లైన్ పేరుగా మిగిలేవాడు. పాత రాత్రులు ఎలాగూ రావు. నెలకో ఆదివారం ఒక గంట కుదుర్చుకోవడం మాత్రం అసాధ్యం కాదు. ఆ గంటలో మొదట అడగాల్సింది అసలు పేరు, ఆ తర్వాత ఫోన్ నంబరు.