నల్లబడ్డ రూపాయిని రుద్దేయకండి!

సెలవులకు ఊరెళ్లారు. బీరువా సర్దుతుంటే తాతయ్య నాణేల ఆల్బమ్ బయటపడింది. లోపల అయిదో జార్జి బొమ్మతో వెండి రూపాయలు. కొన్నింటికి అంచుల్లో పసుపు, నీలం మెరుపులు. ఒకటైతే పూర్తిగా నల్లగా ఉంది. కోచింగ్ ఫీజు కోసం ఒకటి రెండు అమ్మేద్దామనుకున్నారు. ‘కాస్త మెరిపిస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి కదా!’ అని చేయి చింతపండు వైపో, టూత్‌పేస్టు వైపో వెళ్తోందా? ఆగండి. పూజ గిన్నెలకు పనికొచ్చే ఈ చిట్కా నాణేనికి మాత్రం చేటు.

అది మురికి కాదు

గాలిలో కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో చర్య జరిపితే సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. దీన్నే టోనింగ్ అంటారు. పొర పల్చగా ఉన్నప్పుడు బంగారు రంగు, మందం పెరిగేకొద్దీ ఎరుపు, నీలం, చివరికి నలుపు కనిపిస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు ఎలా వస్తాయో ఇదీ అంతే. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వ్యతికరణమే!

నల్లబడింది కాబట్టి వెండి కల్తీ అనుకోవద్దు. ఆ కాలం రూపాయల్లో వెండి 91.7 శాతం. 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించారు. 1947 రూపాయి నికెల్‌దే.

ఆల్బమ్ చేసే పని

పాత ఆల్బమ్‌ల అట్టలో గంధకం ఉంటుంది. అట్టకు ఆనుకున్న అంచు ముందు రంగెక్కి, క్రమంగా మధ్యకు పాకుతుంది. అమెరికాలో వేట్ రేమండ్ కంపెనీ పాత అట్ట ఆల్బమ్‌లలో ఇలా రంగులు తేలిన నాణేలను సేకర్తలు ఏరికోరి కొంటారు. అంటే మీరు తుడిచేయాలనుకున్న రంగే కొందరికి ఆకర్షణ.

అసలు శత్రువు వేరే ఉంది. మెత్తగా ఉండి, ఘాటు ప్లాస్టిక్ వాసన వేసే పీవీసీ కవర్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఇవి విడుదల చేసే ఆమ్లం నాణేన్ని తినేస్తుంది. పైన పచ్చటి జిగురు పేరుకుంటుంది. ఇది కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఏం చేయాలి?

* రంగు మాత్రమే మారితే ముట్టుకోకండి. రుద్దితే పడే సన్నటి గీతలు మళ్లీ పోవు. అనుభవమున్న కొనుగోలుదారు భూతద్దంలో మొదట చూసేది వాటినే.
* వెండిని క్షణాల్లో తెల్లబరిచే ఆమ్ల ద్రావణాలూ వద్దు. నలుపుతో పాటు పై పొర కూడా పోతుంది. పదేపదే ముంచితే సహజమైన మెరుపు చచ్చిపోతుంది.
* పచ్చటి జిగురు ఉంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి నాణేన్ని నానబెట్టండి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం పనికిరాదు. అసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి. తర్వాత రుద్దకుండా ఆరనివ్వండి.
* పీవీసీ కవర్లను తీసేసి పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. కోస్తా ఉక్కపోతకు ఇది తప్పనిసరి.
* రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది. నాణేల దగ్గరికి రానివ్వొద్దు.
* నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి.

ఇంటర్వ్యూలో అడిగితే?

రెజ్యూమెలో ‘హాబీ: నాణేల సేకరణ’ అని రాసేవాళ్లు చాలామందే. ‘వెండి నాణెం ఎందుకు నల్లబడుతుంది?’ అని బోర్డు సభ్యుడు అడిగితే నీళ్లు నమలకూడదు కదా! పైన చెప్పింది మీ మాటల్లో చెప్పగలిగితే చాలు, ఆ హాబీ నిజమైనదేనని తెలిసిపోతుంది.

కెమిస్ట్రీ చదివినవారికి ఇది ఉపాధి దారి కూడా. పురావస్తువుల సంరక్షణపై పనిచేసే జాతీయ పరిశోధనశాల లక్నోలో ఉంది. లోహం ఎందుకు పాడవుతుంది, ఎంతవరకు శుభ్రం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నవే అక్కడి రోజువారీ ప్రశ్నలు.

చివరిగా ఒక్క మాట. ఈ రోజు శుభ్రం చేయని నాణేన్ని రేపైనా శుభ్రం చేయొచ్చు. ఈ రోజు రుద్దేసిన నాణేన్ని రేపు వెనక్కి తేలేం. తాతయ్య రూపాయిని అమ్మాలనుకున్నా సరే, నల్లగానే తీసుకెళ్లి ఇద్దరు ముగ్గురికి చూపించండి. ఆ తర్వాతే ధర మాట్లాడండి.