చవుటినీటిని ఎక్కడికి పంపవలెను?



మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములలో తిరుగునపుడు పెక్కుమంది రైతులు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. "సారూ, మా మడిల చవుడు నీళ్ళు ఊరుతున్నయి. ఎట్ల పోగొట్టాలె?" ఈ ప్రశ్నకు నా యుద్యోగపు తొలినాళ్ళలో నేను చెప్పిన జవాబు వేఱు, ఇప్పుడు చెప్పు జవాబు వేఱు. ఆ భేదమును వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

అప్పట్లో ఒక గ్రామమున రైతొకడు తన రెండెకరముల పల్లపు మడి తెల్లబారి వరి మాడిపోవుచున్నదని మొరపెట్టుకొనెను. నేను పోయి చూచి, గట్టు తెగగొట్టి, కాలువ త్రవ్వి, నీటిని బయటికి విడువుమని చెప్పితిని. అతడట్లే చేసెను. రెండేండ్లలో అతని మడి కొంత బాగుపడెను. నేనును సంతోషించితిని. కాని ఆ నీరు పోయి దిగువనున్న కుంటలో చేరినది. ఆ కుంట క్రింద నలుగురు చిన్న రైతుల మళ్ళు కలవు. మూడవయేట వారి నారుమళ్ళు సరిగా మొలవలేదు. పసులు ఆ నీటిని ముట్టుట మానెను. అందొక వృద్ధురాలు నన్ను చూచి, "వాని మడిల ఉప్పు తీసి మా మళ్ళల్ల పోస్తివి గదా బిడ్డా" అనెను. ఆమెకు చెప్పుటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

ఆనాడు నాకు బోధపడిన సంగతి యిది: నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. అది చోటు మాత్రమే మార్చుకొనును. కావున చవుటినీటిని పోగొట్టుట యనగా దానిని ఎవరి నెత్తిన వేయుదుమో ముందుగా ఆలోచించుకొనుటయే.

ఉప్పు ఎక్కడినుండి వచ్చినది?

సముద్రమునకు దూరముననున్న మన నేలలో ఉప్పేల యని కొందఱు శంకింతురు. మన నేలలకు అడుగున చాలచోట్ల నల్లరాయి, కోదాడ, మిర్యాలగూడ దిక్కున కొంతమేర సున్నపురాయియు కలవు. రాళ్ళు వేలయేండ్లుగా శిథిలమగుచుండగా వానిలోని లవణములు నీటిలో కరగి భూగర్భమున నిలిచియుండును. విశేషముగా వానలు కురియు దేశములలో అవి ఏటికేడు కొట్టుకొనిపోవును. మన దేశమున కురియు వానకంటె ఎండకు ఆవిరియగు నీరే యెక్కువ గావున అవి నిలిచిపోవును.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పునాది వేయబడెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడెను. లాల్ బహదూర్ కాలువ యని పేరుగల యెడమకాలువ మన చల్కలను, రేగళ్ళను తడిపి, జొన్న పండిన చోట వరి పండించినది. ఆ మేలును మఱువరాదు. కాని కాలువ క్రింది భూమిలో కొంత మాగాణికి, కొంత ఆరుతడికి నిర్ణయింపబడియుండగా, మనము ఆరుతడి నేలలలో సైతము వరినే నాటితిమి. ఇంకిన నీరు అడుగుకు దిగి, భూగర్భజలము పైకి లేచెను. అది నేలకు ఐదారడుగులలోపలికి వచ్చినచో, దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు మట్టి ఆ నీటిని పైకి లాగును. నీరు ఎండకు పోవును, ఉప్పు పొరయై మిగులును. మన పెద్దలు జాలు పట్టిన నేల యనునది, పిమ్మట చౌడు బారిన నేల యనునది, ఒకే రోగముయొక్క రెండు దశలు.

సూర్యాపేట చుట్టునున్న మెట్టలలో బావులు, బోర్లే ఆధారముగా నున్నచోట్ల కథ వేఱు. అచ్చట నీరు లోతునకు పోవుచున్నది. తోడిన నీటినే మరల మరల తోడి పొలమునకు పెట్టుచున్నాము. పులుసు మరగిన కొలది ఉప్పనగునట్లు ఆ నీరు ఏటేట చిక్కబడును.

ఒక లెక్క

నీటిలోని ఉప్పును దాని విద్యుద్వాహకత చేత కొలుతురు. కొలమానము పేరు డెసిసీమెన్సు. దీనినిక యూనిట్టు అందము. ఒక యూనిట్టునకు లీటరు నీటిలో సుమారు 0.64 గ్రాముల ఉప్పుండును. ఒక యెకరమున ఒక అంగుళము నీరు నిలిపినచో అది సుమారు 1,03,000 లీటర్లు. బోరునీరు 2 యూనిట్లదైనచో, ఆ యొక్క అంగుళముతో సుమారు 130 కిలోల ఉప్పు మడిలో పడును. పది అంగుళములు పెట్టితిమా, 1,300 కిలోలు! ఇరువదియైదు బస్తాల యూరియా తూకమునకు మించిన యుప్పును మన చేతులతో మనమే చల్లుకొనుచున్నాము.

మొదట పరీక్ష

చౌడు రెండు విధములు. తెల్లచౌడునందు ఉప్పు పొర తెల్లగా కనబడును, మట్టి గుల్లగా నుండును. దానిని మంచినీటితో కడుగవచ్చును. ఒక అడుగు మట్టిగుండా ఒక అడుగు నీరు దిగిపోయినచో ఆ మట్టిలోని ఉప్పులో సుమారు అయిదింట నాలుగు పాళ్ళు పోవును. కాని నీరు దిగుటకు త్రోవ యుండవలెను. కారుచౌడునందు సోడియము ప్రబలి, తడిసిన బురదయు ఎండిన బండయునై, నీరు దిగదు. దానిని జిప్సము వేయక కడిగినచో ఇంకను బిగుసుకొనును.

బావినీటికిని ఈ భేదమే కలదు. కొన్ని నీళ్ళు రుచికి ఉప్పనగా లేకున్నను సోడాగుణము కలిగియుండును. మిగులు సోడియం కార్బొనేటు లీటరునకు 2.5 మిల్లీయీక్వివలెంట్లు మించినచో ఆ నీరు నేలను చెఱచును. అట్టి నీటిలో ఒక్కొక్క మిల్లీయీక్వివలెంటు తగ్గించుటకు, ఎకరమునకు పెట్టు ప్రతి అంగుళము నీటికి సుమారు 9 కిలోల శుద్ధమైన జిప్సము కావలెను. కావున నాలుకను నమ్మక పరీక్షను నమ్ముడు. గడ్డిపల్లియందును కంపాసాగరమునందును కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. నమూనా తీయువిధమును అచ్చట అడిగి తెలిసికొనవచ్చును.

చేయదగిన పనులు

మొదటిది: చవుటినీరు పుట్టకుండ చూచుట. పోగొట్టవలసిన నీటిలో మేలైనది పుట్టని నీరే. యాసంగిలో ఆరుతడి నేలలందు పెసర, మినుము, వేరుసెనగ, జొన్నవంటి పంటలు వేయుడు. వరి వేసినను మడిలో ఎల్లప్పుడు నీరు నిలుపక, ఆరబెట్టి తడి పెట్టుడు. తూములను రాత్రియంతయు విడిచిపెట్టుట మానుడు. పిల్లకాలువలలో నీరింకకుండ గట్టిచేయుడు.

రెండవది: చవుటినీటిని వాడుకొనుట. 4 యూనిట్ల బావినీరు ఒక పాలు, అర యూనిట్టు కాలువనీరు మూడు పాళ్ళు కలిపినచో 1.4 యూనిట్లకు దిగును. అంతకంటె మేలైన పద్ధతి, విత్తనము మొలచునపుడును మొక్క లేతగా నున్నపుడును మంచినీరు పెట్టి, ముదిరిన తరువాత చవుటినీరు పెట్టుట. పంటను కూడ ఎఱిగి వేయవలెను. నేలలోని ఉప్పు వరికి 3 యూనిట్లు, జొన్నకు 6.8, ప్రత్తికి 7.7 దాటినపిమ్మట దిగుబడి తగ్గనారంభించును. మిరపకైతే ఒకటిన్నర దాటగనే నష్టము. చవుటి మడిలో జీలుగ చల్లి, పూత సమయమున కలియదున్నుడు. ముదురు నారును, కుదురునకు ఒకటి రెండు మొక్కలు హెచ్చుగా నాటుడు.

మూడవది: చెట్లచేత త్రాగించుట. కాలువ ఊట పడు చోట్ల నీలగిరి వరుసలు నాటినచో అవి అడుగునీటిని పీల్చి మట్టమును దించును. ఆవిరియై పోవునది నీరే గాని ఉప్పు కాదని ఇచ్చటను మఱువరాదు. పూర్తిగా చౌడు బారిన బీడులో ఉప్పునోర్చు గడ్డి పెంచినచో పసులకు మేతయైనను దొరకును.

నాలుగవది, కడపటిది: బయటికి విడుచుట. పై మూడును చేసిన పిమ్మట మిగిలిన నీటికే మురుగుకాలువ. నేలలో సుమారు మూడడుగుల లోతున చిల్లుల గొట్టములు పఱచి ఉప్పునీటిని తీయు పద్ధతిని బాపట్ల శాస్త్రజ్ఞులు 1990 దశకమున ప్రారంభమైన ఇండో-డచ్ పథకమున కోనంకి, ఉప్పుగుండూరులలో పరీక్షించి చూచిరి. పనిచేయు పద్ధతియే. కాని ఉప్పుగుండూరువంటి డెల్టా గ్రామముల మురుగునకు సముద్రము దగ్గఱ. మన మురుగు మూసీలోనికో, పాలేటిలోనికో, వానినుండి కృష్ణలోనికో పోవలసినదే. వాడపల్లి యొద్ద మూసీ కృష్ణలో కలియుచున్నది. దానికి దిగువన పులిచింతల, ఆ దిగువన విజయవాడ ఆనకట్ట. మన యుప్పు మఱియొకరి తడియగును. కావున వాగు నిండుగా పాఱు వానాకాలముననే, మురుగును కొంచెము కొంచెముగా విడువవలెను. వేసవిలో మడుగులు కట్టి పసులు త్రాగు కాలమున విడువరాదు. మంచినీటి బావి దగ్గఱకు గాని, ఊరికుంటలోనికి గాని ఎన్నడును విడువరాదు.

ఇతర దేశముల పాఠము

ఆస్ట్రేలియాలో అడవులు కొట్టి గోధుమ వేసినచోట్ల అడుగునీరు లేచి నేలలు చౌడు బారెను. అచ్చటివారు మఱ్ఱే నదిలోనికి దిగు ఉప్పునీటిని ముందే తోడి, దూరమున విశాలమైన మడుగులలో ఆరబెట్టుచున్నారు. మడుగు అడుగు గట్టి బంకమట్టిదై నీరింకనిదిగా ఉండవలెను. కాలిఫోర్నియాలో పొలముల మురుగును కెస్టర్సన్ అను చెఱువులో నిలువజేయగా, నేలలోని సెలీనియమను ధాతువు అందు చిక్కబడి, 1983లో పక్షిపిల్లలు వికృతరూపములతో పుట్టుట కనుగొనబడెను. 1986లో ఆ చెఱువునకు మురుగు పంపుట మానిపించిరి. నీటిలో ఉప్పుతోబాటు ఇంకేమున్నదో తెలియక మడుగు కట్టరాదని దీని పాఠము. ఫ్లోరైడుచేత ఎముకలు వంగిన కుటుంబములను చూచిన మన నల్లగొండ సీమవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

సంఘముయొక్క పని

ఎరువు ఎవరికివారు కొనవచ్చును. విత్తనము ఎవరికివారు చల్లవచ్చును. మురుగుకాలువ మాత్రము ఒక్కని పొలములో మొదలై ఒక్కని పొలములో ముగియదు. కావుననే యిది సహకార సంఘములో చేయదగిన పని. సంఘము విద్యుద్వాహకతను కొలుచు చిన్న పరికరమొకటి కొని, వేసవిలో నొకసారి, వానల పిమ్మట నొకసారి ప్రతి బావినీటిని కొలిచి పుస్తకమున వ్రాయవలెను. ఒక గుంజపాతు బావిలో నీటిమట్టమును నెలనెల చూచుకొనవలెను. మురుగు త్రోవను నిర్ణయించునపుడు ఎగువ రైతులతోబాటు, చిట్టచివరి పల్లపు మడివానినికూడ పిలిచి కూర్చుండబెట్టవలెను. అతడు సరేయననిదే గట్టు తెగగొట్టరాదు.

ఆనాడు నేను ఆ పని చేయలేదు. ఎగువ రైతు మాట విని పార పట్టించితిని గాని దిగువ ఇంటి తలుపు తట్టలేదు. తరువాత ఎగువ రైతే ముందుకు వచ్చి, తన కాలువను మళ్ళించి వాగువైపు త్రిప్పుటకు ఒప్పుకొనెను. అందఱును కలిసి త్రవ్విరి. కుంట తేరుకొనుటకు మూడు వానాకాలములు పట్టెను. రానున్న సర్వసభ్య సమావేశమున మీ మీ మళ్ళ నీటిని సీసాలలో పట్టి తెండు. కొలిచిన పిమ్మట త్రోవను గూర్చి మాటలాడుకొందము.